ఒకసారి కనబడితే చేప

పటాల గదిలో ఒక సామెత ఉండేది. ఏ పుస్తకంలోనూ అచ్చవలేదు, ఏ పై అధికారీ దాని మీద ముద్ర వెయ్యలేదు. అయినా కొత్తగా చేరినవాళ్ళకి కుర్చీ చూపించేకంటే ముందు ఆ మాటే చెప్పేవారు. ఒకసారి కనబడితే చేప, రెండుసార్లు కనబడితే రాయి.

అర్థం కాకపోతే కంగారు పడనక్కర్లేదు, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సర్వే పడవ దీవి చుట్టూ పొలం దున్నినట్టు పోయి వస్తూ ఉంటుంది. దాని పొట్ట కింద కట్టిన సోనార్ నీళ్ళలోకి శబ్దం వదులుతుంది. ఆ శబ్దం అడుగుకి తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే లోతు తెలిసిపోతుంది. పడవ ఒకసారి పోయిన మేరని ఒక చాలు అంటారు. ఒక్కో చాలుకి లక్షల చుక్కలు. అవన్నీ తెరమీద పరిస్తే అదే సముద్రపు అడుగు.

అయితే సముద్రం మనకోసం ఊపిరి బిగబట్టి కూర్చోదు కదా! శబ్దం కిందకి పోతుంటే మధ్యలో చేపల గుంపు అడ్డొస్తుంది. నాచు తేలుతూ వస్తుంది. గాలి బుడగలు, పడవని తోసే దాని సొంత ఫ్యాను చేసే గోల, అన్నీ చుక్కలై కూర్చుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే లేని కొండల్ని చూసి ఓడలు బెదిరిపోతాయి. అందుకని ఎవరో ఒకరు కూర్చుని, ఇది అడుగు, ఇది చేప అని తేల్చి, చేపల్ని కొట్టెయ్యాలి. పక్కపక్క చాళ్ళ అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా పడవ నడుపుతారు కాబట్టి ఆ అంచుల్లో ఉన్న ప్రతిదీ రెండుసార్లు కనబడుతుంది. చేప రెండోసారికి అక్కడ ఉండదు. రాయి ఎక్కడికి పోతుంది?

ఆ కొట్టేసే పని ఇద్దరిది. ఒకరు వదిన. హాజరు పట్టీలో తప్ప ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆడపడుచు కూడా అదే గదిలో ఉద్యోగంలో చేరి, మొదటి రోజే ఈ మూల నుంచి ఆ మూలకి “వదినా!” అని కేక పెట్టింది. ఇంకేముంది, ఆవిడకంటే వయసులో పెద్దవాడైన సర్వే ఆఫీసరుతో సహా అందరికీ ఆవిడ వదినగారైపోయింది. ఆ రెండోది, అంటే ఆడపడుచు, కత్తెర. చుక్కల్ని అంత వేగంగా కత్తిరిస్తుందని ఆ పేరు పెట్టారు. చెయ్యీ కత్తెరే, నాలుకా కత్తెరే. రెండూ ఒకే సానమీద పదును పెట్టినవని వదిన అనేది, అప్పుడు ముద్దుగానే అనేది.

బేసి చాళ్ళు వదినకి, సరి చాళ్ళు కత్తెరకి. అంచుల్లో ఏదైనా అనుమానంగా కనబడితే పక్క చాలు చూడాలి. దానికి పద్ధతి ఉంది. తను చూస్తున్నది మూసి, పెద్ద మిషన్లోంచి పక్క చాలు తెప్పించుకోవాలి. అది నత్తనడకన వచ్చేసరికి ఒక కప్పు కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించొచ్చు. అంత ఓపిక ఎవరికుంది? వాళ్ళిద్దరూ నోటితో పని కానిచ్చేవారు.

“అమ్మాయ్, దీవి ముక్కు దగ్గర, నీ దగ్గర ఏమైనా ఉందా?”

“ఏమీ లేదు వదినా. చేపే, కొట్టెయ్.”

అంతే. ఆ గదిలో రోజంతా ఈ కేకలే. బయటివాళ్ళు వింటే చేపల బజారనుకునేవారు. కానీ ఆ కేకల మీద గీసిన పటాల్లో ఇంతవరకు ఎవరూ వేలుపెట్టి తప్పు చూపించలేదు.

ఇలా ఉండగా ఇంట్లో ఒక చొక్కా కొంప ముంచింది. కత్తెర ముచ్చటపడి కొనుక్కున్న తెల్ల చొక్కా అది. వదిన చూసుకోకుండా దాన్ని సరంగు యూనిఫాంతో కలిపి వాషింగ్ మిషన్లో వేసింది. సరంగు అంటే వదిన మొగుడు, కత్తెరకి సొంత అన్న. రేవు నుంచి దీవికి జనాన్ని దాటించే ఫెర్రీ అతని చేతిలోనే ఉంటుంది. అతని యూనిఫాం ముదురు నీలం. చొక్కా బయటికొచ్చేసరికి తెలుపు పోయి, అటు నీలమూ కాక ఇటు తెలుపూ కాక, మచ్చలు మచ్చలుగా తయారైంది.

“సముద్రం అడుగున బెత్తెడు రాయి కనబడుతుందట, చేతిలో ఉన్న చొక్కా రంగు కనబడదట! మహా గొప్ప కళ్ళు!” అంది కత్తెర.

వేరే ఏ మాటన్నా వదిన నవ్వి ఊరుకునేదే. తన పనిని ఎత్తిపొడిచేసరికి చురుక్కుమంది. “కళ్ళు లేనిదాని చేత బట్టలెందుకు ఉతికిస్తావు? ఇకనుంచి నీవి నువ్వే ఉతుక్కో. వండుకో కూడా, నా కళ్ళకి ఉప్పూ పంచదారా కూడా తేడా తెలీదేమో!” అంది.

అక్కడితో ఆగితే అది వాళ్ళ ఇల్లెందుకవుతుంది? మాటా మాటా పెరిగింది. చిలికి చిలికి గాలివానైంది. ఎప్పుడో పెళ్ళినాటి మాటలు, ఎవరో ఎవరితోనో అన్న మాటలు, అన్నీ అటకమీంచి దిగాయి. చివరికి ఇద్దరూ మాటలు మానేశారు. ఇంట్లో ఏం కావాలన్నా సరంగు మీదుగానే నడిచేది.

“అన్నయ్యా, బాత్రూంలో సబ్బు అయిపోయిందని మీ ఆవిడతో చెప్పు.”

“ఏవండీ, అయిపోగొట్టినవాళ్ళే తెచ్చుకోవాలని మీ చెల్లెలితో చెప్పండి.”

ఇద్దరూ అతనికి చెరో పక్కన కూర్చునే ఈ మాటలు. పాపం సరంగు, అడకత్తెరలో పోకచెక్క అంటే అతనే. “సముద్రంలో తుఫానొస్తే ఒడ్డుకి పారిపోవచ్చు. ఒడ్డునే తుఫానైతే ఎక్కడికి పోను?” అని రేవులో చెప్పుకుని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ లోపల అతనికి బాధగానే ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తరపు పాయ చుక్కలు పటాల గదికి వచ్చాయి. దీవికి పోవాలంటే ఇసుక మేటని చుట్టుకుని బోలెడు దూరం తిరగాలి. దీవి ఉత్తరపు కొసన ఒక సన్నని పాయ ఉంది. అందులోంచి పోగలిగితే సగం దూరం కలిసొస్తుంది. ఆ పాయకి పటం తియ్యమని సరంగు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాడు. ఇన్నాళ్ళకి సర్వే పడవ వెళ్ళింది.

వదిన ఆ చాళ్ళు శుభ్రం చేస్తోంది. పాయ మలుపు తిరిగే చోట, తన చాలు చివరి అంచున, నాలుగైదు చుక్కలు ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబడి ఉన్నాయి. అంచుల్లో శబ్దం నీరసంగా వస్తుంది, చుక్కలు పలచగా పడతాయి. అదేమిటో చెప్పడం కష్టం. అలవాటు కొద్దీ ఆవిడ నోరు తెరిచింది. “అమ్మాయ్” అన్న మాట గొంతు దాకా వచ్చింది కూడా. తల తిప్పి చూసింది. కత్తెర చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇటు వీపు పెట్టి కూర్చుంది. ఆ వీపు చూడగానే వదినకి ఒళ్ళు మండింది. గొంతుదాకా వచ్చిన మాటని మింగేసింది. పక్క చాలు తెప్పించుకుని చూద్దామా అనుకుంది. దీనికోసం ఇప్పుడు అంతసేపు కూర్చోవాలా? ఒకసారి కనబడితే చేప. మీట నొక్కింది. చుక్కలు పోయాయి.

తర్వాత రెండు శుభ్రమైన భాగాల్నీ కలిపి సర్వే ఆఫీసరు చూశాడు. ఆయనకి కనబడేది మిగిలిన చుక్కలే, కొట్టేసినవి కావు. పాయ అడుగు ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. “ఈసారి ఇద్దరూ ఎంత నిశ్శబ్దంగా పనిచేశారమ్మా! గది ఇప్పుడే ఆఫీసులా ఉంది,” అని మెచ్చుకుని సంతకం పెట్టాడు.

కొత్త దారి మొదలుపెట్టే రోజు ఉదయం, సరంగు ఆ పటాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా నాలుగు కప్పులు పెట్టాడు. చిన్నపిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టుంది అతని వాలకం. యూనిఫాం మడత నలగకుండా వంగి, వేలుతో దారి గీసి చూపించాడు.

“ఇలా వెళ్తా. ఇదిగో, ఇక్కడ తిప్పుతా.”

“మొదటిసారి కదండీ. మెల్లగా వెళ్ళండి,” అంది వదిన.

ఆ మాట అతనికి చెప్పనక్కర్లేదు నిజానికి. రేవులో అతన్ని తాబేలు సరంగు అంటారు. ఎరగని నీళ్ళలో అడుగు పెట్టాడంటే లోతు మీటరు మీదనుంచి కన్ను తియ్యడు, ఫెర్రీని చంటిపిల్లని నడిపించినట్టు నడిపిస్తాడు. ఆరోజు మాత్రం నవ్వాడు.

“పరాయివాళ్ళు తీసిన పటమైతే బెత్తెడు బెత్తెడు చూసుకుంటూ పోతా. ఇది మా ఇంట్లో తీసిన పటం. నా పెళ్ళామూ నా చెల్లెలూ కలిసి చూసింది. కళ్ళు మూసుకుని పోతా.”

‘కలిసి’ అన్న చోట కొంచెం ఒత్తి, ఇద్దరి మొహాలూ చూశాడు. ఇద్దరూ పటాన్నే చూస్తున్నారు. అతను నిట్టూర్చి కప్పులు తీసి పటం చుట్టాడు. మొదటి ప్రయాణానికి ఇద్దర్నీ రమ్మని పిలిచాడు. కత్తెర సెలవు పెట్టి తయారైంది. కత్తెర వెళ్తోందని తెలిసి వదిన తలనొప్పి అంది. తర్వాత ఆ తలనొప్పితోనే ఆఫీసుకి వెళ్ళింది.

కుర్చీలో కూర్చుంది. ఎదురుగా కత్తెర కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపుకి హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. వదిన వాటినే చూస్తూ ఉండిపోయింది. ఏదో మరిచిపోయినట్టుంది గానీ ఏమిటో తెలియడం లేదు. తర్వాత నాలుక మీదికి ఒక మాట వచ్చింది. ఆరోజు మింగిన మాట అది. ఆ వెంటనే మొగుడి వేలు గుర్తొచ్చింది. ఇక్కడ తిప్పుతా అని ఆ వేలు ఆగిన చోటు గుర్తొచ్చింది.

ఫర్వాలేదు, చేపే అయ్యుంటుంది అనుకుంది. రాయైతే కత్తెరకీ కనబడేది కదా. కనబడితే వదిలేసేదా? ఎందుకు వదిలేస్తుంది, అది నాకంటే జాగ్రత్త. కానీ దానికి అనుమానమొస్తే ఎవర్ని అడుగుతుంది? నన్నే అడగాలి. ఈ పంతంలో నన్నడుగుతుందా? నేనడిగానా?

పక్క చాలు కోసం పెద్ద మిషన్ని అడిగింది. తెరమీద గీత పాకడం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే తెల్లటి ఫెర్రీ రేవు దాటి చాలాదూరం పోయింది. ఎప్పుడూ ఉండే తాబేలు నడక కాదది. మొగుడికి ఫోను చేసింది. ఫెర్రీ నడిపేటప్పుడు ఫోను కట్టేసి జేబులో పెట్టుకోవడం అతని నియమం. కత్తెరకి చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. కావాలనే కట్ చేస్తోందనుకుంది. నీ పంతం పాడుగాను, ఎత్తవే! అని గట్టిగా అనేసింది, ఖాళీ గదిలో.

తెరమీద గీత సగం కూడా రాలేదు. లేచి ఆఫీసరు గదిలోకి పరిగెత్తింది. రేవు రేడియో అక్కడే ఉంటుంది.

“సార్, పాయ పటంలో తప్పుందేమో!”

“ఏమోనా?” ఆయన కళ్ళజోడు తీశాడు. “రేడియోలో ఏమో అని చెప్తామా వదినగారూ? రేవంతా వింటుంది. ముందు చూసుకుని రండి, నిజమైతే నేనే చెప్తా.”

ఆయనన్నదీ న్యాయమే. ఆ రేడియోలో మాట్లాడితే ఇల్లెక్కి కూసినట్టే. ఓడల పైలట్లు, చేపల పడవలు, గోడౌను గుమాస్తాలు, అందరూ వింటారు. ఇన్నేళ్ళ పేరు ఒక్కమాటతో మట్టిలో కలుస్తుంది. ఒకవేళ చేపే అయితే నవ్వులపాలు కూడా. ఇవన్నీ వదినకి తెలుసు. తెలిసే మైకు తీసుకుంది.

“ఫెర్రీకి పటాల గది. ఫెర్రీకి పటాల గది.”

“చెప్పండి, పటాల గదీ!” సరంగు గొంతు హుషారుగా ఉంది. వెనక ఇంజిను హోరు, జనం నవ్వులు వినబడుతున్నాయి.

“మీ చెల్లెలికి ఇవ్వండి.”

“ఇక్కడ కూడా నా మీదుగానేనా? నేను మలుపు దగ్గరికొచ్చా...”

“ఇవ్వండీ!”

గరగరమని చప్పుడు. తర్వాత కత్తెర గొంతు, ఆయాసపడుతూ. “వదినా! ఎవరితో మాట్లాడుతున్నావు ఇంతసేపు? నీకే చేస్తున్నా, ఎప్పుడు చేసినా ఎంగేజ్...”

వదినకి అప్పుడర్థమైంది. దానికి ఏం గుర్తొచ్చి తనకి చేస్తోందో కూడా అర్థమైంది. అయినా అడగాల్సిన మాట అడిగింది.

“అమ్మాయ్, మలుపు దగ్గర, చాలు అంచున, నీ దగ్గర ఏమైనా ఉందా?”

“ఉంది వదినా. నిలువుగా ఉంది. అడుగుదామనుకున్నా. అడగలేదు. చేప అనుకుని కొట్టేశా. నీ దగ్గరో?”

“నా దగ్గరా ఉంది.”

సరంగుకి ఎవరూ ఏమీ చెప్పలేదు. కత్తెర గొంతు వెనకాల ఉన్న ఇంజిను హోరు మాత్రం ఆగిపోయింది. ఆ తర్వాత అతని గొంతు వచ్చింది. ఈసారి అందులో హుషారు లేదు, కోపమూ లేదు. రోజూ వాతావరణం చదివే మనిషి గొంతులా ఉంది.

“పటాల గదికి ఫెర్రీ. ఇంజిను ఆపాను. లంగరు వేస్తున్నాను.”

వదిన కిటికీ దగ్గరకి పోయింది. తెల్లటి ఫెర్రీ మలుపు మొదట్లో మెల్లగా అడ్డం తిరుగుతోంది. ఇంకా జారుతోందా, ఆగిందా అన్నది అంత దూరం నుంచి తెలియలేదు. జనం ఒక పక్కకి చేరి నీళ్ళలోకి చూస్తున్నారు. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. ఆఫీసరు వెనకాల ఏదో అంటున్నాడు, ఆవిడకి ఒక్క ముక్కా ఎక్కలేదు. చాలాసేపటికి లంగరు తాడు బిగిసి, ఫెర్రీ ముక్కు ఒక దిక్కున నిలబడింది. అప్పుడుగానీ ఆవిడ కూర్చోలేదు.

సర్వే పడవ వెళ్ళి వెతికింది. అది రాయి కాదు, చేపా కాదు. పాత ఇనప స్తంభం. ఏనాటి దీపస్తంభమో, పైభాగం విరిగి మొండెం మిగిలింది. ఎవరు పాతారో, ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలియదు. నీళ్ళ కింద, ఫెర్రీ అడుగు చీలడానికి సరిపోయినంత లోతులో ఉంది. ఫెర్రీ ఆగిన చోటు నుంచి తాడు విసిరితే దాని మీద పడేదని సర్వే పడవవాళ్ళు చెప్పారు.

ఆ సాయంత్రం ముగ్గురూ ఒకేసారి ఇంటికి వచ్చారు. వదినా కత్తెరా వంటింట్లోకి పోయి తలుపు చేరవేసుకుని ఏడ్చారు. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు. “నాదే తప్పు,” అని ఒకరంటే “నీదెలా అవుతుంది, నాది,” అని ఇంకొకరు. దానికి కూడా కాసేపు పోట్లాడుకున్నారు. ఇవతల గదిలో సరంగు బల్లముందు కూర్చుని ఉన్నాడు. తిడతాడేమోనని ఇద్దరూ ఎదురుచూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేదని వదినకి అనిపించింది. అతను ఆ పటాన్ని మడత పెట్టి, పాత పేపర్ల కింద పెట్టి, “అన్నం పెట్టు, ఆకలేస్తోంది,” అన్నాడు.

ఆఫీసులో పెద్ద విచారణే జరిగింది. సంతకం పెట్టినందుకు ఆఫీసరు కూడా మాటలు పడ్డాడు. ఆయన తిరిగొచ్చి ఒక్కమాటే అన్నాడు. “కొట్టేసిన చేపలన్నీ వెనక్కి తీసుకురండమ్మా. మీరిద్దరూ మాటలు మానేసిన రోజులవన్నీ.” ఇద్దరూ కూర్చుని, కొట్టేసిన ప్రతి చుక్కనీ మళ్ళీ లేపి, పక్క చాలుతో సరిచూశారు. కళ్ళు మండిపోయాయి. ఇంకో స్తంభం దొరకలేదు. అన్నీ చేపలే.

స్తంభాన్ని పెకిలించి ఒడ్డున పడేశారు. పాయకి మళ్ళీ సర్వే చేశారు, మళ్ళీ పటం వచ్చింది. ఈసారి ఇద్దరూ కలిసి దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి బల్లమీద పరిచారు. సరంగు చాలాసేపు చూశాడు. “బాగుంది,” అన్నాడు. మరునాటి నుంచి ఫెర్రీ కొత్త దారినే నడిచింది. దీవి జనం సంతోషించారు.

పటాల గదిలో మళ్ళీ పాత గోలే. కత్తెర మచ్చల చొక్కా వేసుకొస్తోంది, ఎవరైనా అడిగితే ఇదే ఇప్పటి ఫ్యాషన్ అంటోంది. ఒకరోజు ఇద్దరూ వేరే తీరం చాళ్ళు చూస్తూ, మధ్యలో కిటికీవైపు తిరిగారు. ఫెర్రీ అప్పుడే పాయలోకి దిగుతోంది.

“వదినా, అన్నయ్య మలుపు దగ్గర మెల్లగా పోతాడంటే సరే. మొదటి నుంచీ అంత మెల్లగా ఎందుకు పోతున్నాడు? ఆ దారంతా నున్నటి ఇసుకేగా!”

వదిన ఆ ప్రశ్న మొగుణ్ణి ఎప్పుడో అడిగింది. అతను నవ్వాడు. “అలవాటే, నేను తాబేల్ని కదా,” అన్నాడు. ఆ నవ్వులో కోపమేమీ లేదు. అంతకుమించి ఆవిడ అడగలేదు.

“ఏమో,” అంది వదిన. తెరవైపు తిరిగింది. అంచున రెండు చుక్కలు తేలుతున్నాయి. “అమ్మాయ్, ఇక్కడ నీ దగ్గర ఏమైనా ఉందా?”

“ఏమీ లేదు వదినా. నున్నగా ఉంది.”

వదిన ఆ చుక్కల్ని కొట్టెయ్యకుండా, పక్క చాలు కూడా తెప్పించుకుని, అది వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాళ్ళిద్దరూ రెండుసార్లు చూసి ఇచ్చిన ఆ నున్నటి నీళ్ళమీద సరంగు లోతు మీటరు చూసుకుంటూ, బెత్తెడు బెత్తెడు పోతున్నాడు.